కనురెప్ప మీదికి దిగిన సర్పి

“తలా తోకా కలిసిపోనాయేటే?”

“నేదు మావా, ఇంకా జానెడు సందుంది. తొంగో.”

నేనూ మా ఆయనా ఆఖరుగా మాట్లాడుకున్నది అంతే. ఆయన నడుముకు సర్పి లేచింది. ఆ పొక్కులు పాములా నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి పోతాడని మావాళ్ళ నమ్మకం. అవి కలవనే లేదు. దగ్గుతో, జ్వరంతో ఆ సాయంత్రమే మనిషి పోయాడు.

మరుసటేడు అదే సర్పి నా నుదుట లేచి కనురెప్ప మీదికి దిగింది. నేను నాటువైద్యమని ఎర్రమట్టితో దానిమీద సింహం బొమ్మ రాయించుకుని మా ఊరు సెమిలిగుడలో ఇంట్లోనే కూర్చున్నాను. కన్ను మూసుకుపోయింది. మా చెల్లి కూతురు వరాలు నన్ను బస్సెక్కించి కోరాపుట్ ఆసుపత్రికి ఈడ్చుకుపోయింది. డాక్టరమ్మ మట్టి కడుగుతూ ఒడియాలో కేకలేసింది.

“ఏటంటందే?” అన్నాను.

“నీ సింహం నీ కన్ను తినేస్తందంట, పెద్దమ్మా!”

ఒంట్లో జబ్బుని తట్టుకునే బలం తగ్గినా సర్పి లేస్తుందట. రక్తం చూస్తే నాకు హెచ్ఐవి అని తేలింది. మా ఆయన్ని తీసుకుపోయిందీ అదేనని అప్పుడర్థమైంది. కానీ ఆ వేళ నా ప్రాణమంతా కంటిమీదే ఉంది.

కొన్నాళ్ళు మందులు వేశాక డాక్టరమ్మ నా మంచి కన్ను అరచేత్తో మూసి, ఏం కనిపిస్తోందని అడిగింది. ముందంతా మసక. అందులోంచి వరాలు నాలుక బయటపెట్టి వెక్కిరిస్తోంది!

“నాలిక! దీని నాలిక!” అని వార్డంతా అదిరేలా అరిచాను.

ఇప్పుడు రోజూ మాత్రలు వేసుకుంటున్నాను. సర్పి లేస్తే మట్టి రాయించకండి, వెంటనే ఆసుపత్రికి పోండి.

అమ్మీ వరాలూ, నే సెప్పినట్టే జబ్బు పేరు రాసేవా, సిగ్గని ఒగ్గేసేవా? ఏదీ, మొదట్నించి సదువు.