నేను రాసిన నాగా

మా ఇంట్లో పలకడానికే భయపడే మాట ఒకటి ఉండేది: నాగా. పనికి పోని రోజు పేరు నాగా. నాగా పడితే ఆ రోజు జీతం పోయినట్టే. జ్వరం వచ్చినా, చుట్టాలు వచ్చినా, వాన దంచికొట్టినా అవ్వ, అంటే మా అమ్మ, చీపురు పొరక పట్టుకుని బయలుదేరేది. ఎందుకవ్వా అంటే, "నాగా పడుతది బిడ్డా" అనేది. అక్కడితో మాట ఆగిపోయేది.

మా అవ్వ మున్సిపాలిటీలో రోడ్లు ఊడుస్తుంది. పాత బస్టాండు నుంచి కూరగాయల మార్కెట్ దాకా ఆమె వంతు. అందరికీ ఆదివారం విశ్రాంతి దినమైతే మా అవ్వకు మటన్ దుకాణాల దినం. ఆ రోజు చెత్త రెండింతలు. మేము మిషన్ కాంపౌండు చర్చికి పోయేవాళ్లం. నేను, బాపు ముందు వరుస చాప మీద కూర్చునేవాళ్లం. అవ్వ పని ముగించి, స్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుంటూ వచ్చేసరికి పాస్టరు అయ్యగారు ఆఖరి దీవెన ఇవ్వడానికి రెండు చేతులూ ఎత్తి ఉండేవారు. ఆమె గుమ్మం దగ్గర, అందరూ విడిచిన చెప్పుల పక్కన కూర్చుని "ఆమెన్" అనేది. నా చిన్నతనమంతా వారానికి ఆమె వాటాకు దొరికిన ఆరాధన ఆ ఒక్క మాటే. దాని గురించి నాకు దేవుడి మీద ఎన్నడూ కోపం రాలేదు. మున్సిపాలిటీ మీద మాత్రం బాగా వచ్చేది.

బాపు అదే మున్సిపాలిటీలో నీళ్ల వాల్వులు తిప్పేవాడు. ఆయన పోయాక, తండ్రి పోయిన బిడ్డనని కారుణ్య నియామకం కింద నాకు జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం ఇచ్చారు. ఏ ఆఫీసును తిట్టుకుంటూ పెరిగానో ఆ ఆఫీసులోనే ఫ్యాను కింద కుర్చీ దొరికింది. కౌన్సిల్ సమావేశాల ఎజెండా తయారుచేయడం, సభలో జరిగింది మినిట్స్ పుస్తకంలో రాయడం నా పని.

నాకు రెండు గర్వాలుండేవి. ఒకటి దస్తూరి, రెండోది తెలుగు. పాత మినిట్స్ తిరగేస్తే ప్రతి పేజీలో "చర్చించి, పరిశీలించి, ఆమోదించడమైనది" అని ఉండేది. ఎవరు ఆమోదించారో, ఏమి చర్చించారో దేవుడికే తెలియాలి. నేను మాత్రం మనుషులు మాట్లాడే మాటలే రాస్తాను, రోడ్డు ఊడ్చే మనిషికి చదివి వినిపించినా అర్థమయ్యేట్టు రాస్తాను అని పట్టుబట్టాను. ఆ పొగరే నా కొంప ముంచింది.

ఆ ఎండాకాలం కార్మికులు మూడు రోజులు పని ఆపేశారు. వాళ్లు అడిగింది ఒక్కటే, వారానికి ఒకరోజు విశ్రాంతి, అది కూడా జీతంతో. జుమ్మా నమాజుకు పోయేవాళ్లకు శుక్రవారం, చర్చికి పోయేవాళ్లకు ఆదివారం, మిగతావాళ్లకు వీలైన వారం. మూడో రోజుకు ఊరు ముక్కు మూసుకుంది. కమిషనర్ పిలిచి మాట్లాడారు. జీతంతోనే ఇద్దామని నోటిమాటగా ఒప్పుకున్నారు. కాగితం మీద మాత్రం "వారానికి ఒకరోజు విశ్రాంతి, మిగతా వివరాలు కౌన్సిల్ నిర్ణయిస్తుంది" అని రాసి సంతకం పెట్టారు.

ఇక్కడ చిక్కు డబ్బుది. ఒకరికి సెలవిస్తే ఆ రోజు ఆ వీధి ఊడ్చడానికి బదిలీ మనిషి కావాలి. ఆ మనిషికి కూలి ఎక్కడినుంచి తేవాలి? పైనుంచి వచ్చే నిధులు మురుగు మోరీలవి మోరీలకే, మొక్కలవి మొక్కలకే. ఇంటి పన్నులు, నల్లా బిల్లులు, దుకాణాల కిరాయిలు చేరే సాధారణ నిధి ఒక్కటే కౌన్సిల్ చేతిలో ఉండేది. అందులో మిగిలిన సొమ్మును మెట్‌పల్లి రోడ్డు మీద కమాన్, అంటే ఊరి స్వాగత తోరణం, కట్టడానికి అప్పటికే పక్కన పెట్టారు. ఊరికి ఒక కమాన్ ఉంది. ఇది రెండోది.

సభకు కార్మికుల తరఫున ఇద్దరిని రానిచ్చారు. అందులో ఒకరు మా అవ్వ. వెనక బెంచీలో, చీరకొంగు భుజం నిండా కప్పుకుని కూర్చుంది. కమాన్ రావలసిన వార్డు కౌన్సిలర్ లేచి గట్టిగా అన్నాడు: "కమాన్ లేకుంటే ఊరికి ఇజ్జత్ ఏముంటది? మెట్‌పల్లి దిక్కుకెల్లి వచ్చెటోళ్లకు మన ఊరు యాడ షురువైతదో ఎట్ల ఎరుకైతది?"

అవ్వ ఎవరూ అడగకుండానే లేచింది. "ఎట్ల ఎరుకైతదా సార్? మొన్న మేం మూడొద్దులు పని బంద్ పెడితే అందరికి ఎరుకాయె. ముక్కు మూసుకున్న కాడికెల్లి మన ఊరే."

సభ గొల్లుమంది. చైర్‌పర్సన్ మేడం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వు ఆగకముందే కమాన్ వచ్చే ఏటికి వాయిదా పడింది, ఆ సొమ్ము బదిలీ మనుషుల కూలికి మారింది. "ఇయ్యుండ్రి, వారానికి ఒక నాగా ఇయ్యుండ్రి" అని అందరూ చేతులెత్తారు. కౌన్సిలర్లు నాగా అన్నారు, కార్మికులు నాగా అన్నారు, అవ్వ కూడా నాగానే అంది. నేను మురిసిపోతూ ఉన్నదున్నట్టు రాశాను: "ప్రతి పారిశుధ్య కార్మికునికి వారానికి ఒక నాగా ఇవ్వాలని అందరూ ఒప్పుకున్నారు." మేడం సంతకం చేశారు.

మొదటి ఆదివారం కోసం అవ్వ గంజి పెట్టిన చీర ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. శనివారం పొద్దున హాజరు మస్టర్ దగ్గర జవాను, అంటే ఊడ్చేవాళ్ల మీది అజమాయిషీ మనిషి, ఆర్డరు చదివాడు. నాగా తీసుకునేవాళ్లు తీసుకోవచ్చు, ఆ రోజు జీతం కోత. అవ్వ ఆదివారం ఎప్పటిలాగే పొరక పట్టుకుని పోయింది. ఎప్పటిలాగే దీవెన వేళకు వచ్చి చెప్పుల పక్కన కూర్చుంది. గంజి చీర దండెం మీదనే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ అవ్వ అంది, "గా ఆర్డర్ రాసినోని చేతులిరగ."

ముద్ద పళ్లెంలో పెట్టేశాను. "గండ్ల నాగా అన్న మాట నేనే రాసిన అవ్వా."

ఆమె నన్నూ, నా చేతినీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. పప్పు గిన్నె నా దిక్కు జరిపి, "నువ్వే రాస్తివి గద బిడ్డా, నువ్వే దిద్దు" అంది. నా జన్మలో అంత సిగ్గు ఎన్నడూ పడలేదు.

మర్నాడు అకౌంట్సు సూపరింటెండెంటు దగ్గరికి పోయాను. ఆఫీసంతా ఆయనను సాబ్ అనేవాళ్లం. ఆ ఆర్డరు తయారుచేసింది ఆయనే. కళ్లద్దాల మీదుగా నన్ను చూసి, "చూడు బేటీ, మస్టర్‌ల నాగా అంటే గైర్ హాజరు. గైర్ హాజరుకు జీతం ఉండదు. నువ్వు రాసిందే నేను చదివిన. నన్నేం జెయ్యమంటవ్?" అన్నాడు.

మినిట్స్ పుస్తకం నా బీరువాలోనే ఉంది, తాళంచెవి నా దగ్గరే ఉంది. దిద్దాల్సింది రెండక్షరాలు. నా ముఖంలో ఆ ఆలోచన కనపడిందేమో, సాబ్ గొంతు తగ్గించాడు. "సంతకమైన కాయితం మీద చెయ్యి పెట్టకు. నీ కొలువూ పోతది, వాళ్ల సెలవూ పోతది. వచ్చే మీటింగుల పాత మినిట్స్ చదువుతరు గద, నిండు సభల తప్పు ఒప్పుకుని దిద్దిపిచ్చు."

"మెమో ఇస్తరు సాబ్. నా ప్రొబేషన్ ఇంక కాలే."

"ఇస్తరు. తీసుకో. ఫికర్ జేస్తె పని కాదు."

ఆ నెలంతా ఆ రెండు పేజీలు చదువుతూనే ఉన్నాను. పైన నాగా తీర్మానం, కింద కమాన్ సొమ్ము మార్చిన తీర్మానం. చదవగా చదవగా ఒకరోజు కింది తీర్మానం దగ్గర నా వేలు ఆగింది.

పాత మినిట్స్ చదివే వేళకు మా సభలో చాయ్ వస్తుంది. ఎవరూ వినరు. "ఓకే, ఓకే" అంటూ బిస్కెట్లు ముంచుకుంటారు. ఆ రోజు నేను చదివి ఆగి, "ఇందులో నేను రాసిన తప్పు ఒకటుంది మేడం. నాగా కాదు, సెలవు అని ఉండాలి" అన్నాను. కమిషనర్ తల తిప్పి చూశారు. మెమో గుర్తొచ్చి భయమేసింది.

కమాన్ కౌన్సిలర్ వెంటనే అందుకున్నాడు. "తప్పేం లేదు. ఆనాడు నాగా అనే అన్నం. నేను సుత అన్న. జీతం కట్ జేసుడే. గా మిగిలిన పైసలతోని కమాన్ షురూ చేద్దాం."

కోపం వస్తే నాకు భయం పోతుంది. ఈ గుణం అవ్వది. "సార్, జీతం కోసుడే అయితే, కోసిన జీతమే బదిలీ మనిషికి ఇస్తే సరిపోతుండె. సభ ఒక్క పైస పెట్టుడు అక్కర లేకుండె. మరి కమాన్ ఎందుకు ఆపిండ్రు? మీరు కమాన్ ఆపిండ్రంటేనే, జీతంతోని సెలవని మీరు సుత ఒప్పుకున్నట్టు. గిదో, కింది తీర్మానం, మీరు చెయ్యెత్తినట్టు గీడ ఉంది" అన్నాను. ఒక్క ఊపిరిలో అనేశాను.

మేడం సాబ్ వైపు చూశారు. ఆయన లేచి, "పిల్ల చెప్పింది సహీ మేడం. ఖర్చు లేని పనికి సభ నిధి మార్చదు" అని కూర్చుని బిస్కెట్ తీసుకున్నాడు.

మేడం అన్నారు: "నాగా కోసం ఎవలన్న గంత సంబురంగ చేతులెత్తుతరా? కొట్టేసెయ్యమ్మా. జీతంతో కూడిన సెలవు అని రాయి. మల్ల ఎవలకు అనుమానం రావద్దు." చేతులన్నీ లేచాయి. కౌన్సిలర్ అందరికంటే చివర చెయ్యెత్తి, "వచ్చే ఏడు కమాన్ మర్చిపోవద్దు" అన్నాడు. నేను ఎర్ర సిరాతో నాగాను కొట్టేశాను. పక్కన సెలవు అని రాసిన ఆ మూడు అక్షరాలంత అందంగా నేను మళ్లీ ఏదీ రాయలేదు.

ఆఫీసు మర్యాదంతా మెట్ల మీదే వదిలేసి, గేటు దగ్గర నిలబడ్డ కార్మికులకు వినపడేట్టు "అయింది!" అని అరిచాను. ఎవరో చెత్త ఆటో డబ్బా మీద దరువేశారు. అవ్వ నవ్వుతూ నా కుడిచెయ్యి పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు. మెమో మూడో రోజు వచ్చింది. పదప్రయోగంలో జాగ్రత్త వహించమని ఒక్క వాక్యం. దాన్ని నా డిగ్రీ సర్టిఫికెట్ పైన పెట్టి దాచుకున్నాను.

ఆ ఆదివారం జవాను మస్టర్‌లో అవ్వ పేరు ఎదురుగా మొట్టమొదటిసారి "సె" అని పడింది. గంజి చీర కట్టుకుని, తాళాలు తీయకముందే చర్చి గుమ్మం దగ్గరికి చేరాం. లోపలికి పోగానే అవ్వ అలవాటుగా చెప్పులు విడిచే చోట కూలబడింది. చెయ్యి పట్టి లేపి ముందు చాప మీదికి తెచ్చాను. గంట మోగింది, మొదటి పాట మొదలైంది. అవ్వ నా చెవిలో అడిగింది, "గిది కొత్త పాటనా?"

"కాదవ్వా. వారం వారం దీంతోనే షురువైతది."

నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. అవ్వ మాత్రం పాట రాకున్నా, అందరి వెనుక ఒక్కో మాటా అందుకుంటూ, అందరికంటే గట్టిగా పాడింది.

దీవెన అయ్యాక, చెప్పులు వేసుకుంటూ ఒకామె అడిగింది, "ఏందక్కా, ఇయ్యాల పొద్దుగాల్నే వచ్చినవ్? నాగా పెట్టినవా?"

అవ్వ మెట్టు మీద ఆగి, కాంపౌండు అంతటికీ వినపడేట్టు చెప్పింది.

"నాగా కాదు. ఇయ్యాల నాకు సెలవు."