డాక్టరు చెప్పని పొర సంగతి

దెయ్యం అన్న మాట వింటేనే నాకు విసుగు. బరంపురంలో మా బడా బజార్ ఇంట్లో ఎవరికి జ్వరం తగిలినా దిష్టి తీయడానికి బయల్దేరేవాళ్ళతో పోట్లాడేది నేనే. ఇప్పుడు ఇది రాస్తున్నది ఎవర్నీ భయపెట్టడానికి కాదు, ఒళ్ళు మండి రాస్తున్నాను.

పెళ్ళై చాన్నాళ్ళైనా మాకు పిల్లల్లేరు. గర్భసంచిలో గడ్డలున్నాయన్నారు. సంచి తియ్యకుండా, కోత లేకుండా, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి గడ్డలకి రక్తం అందకుండా చేస్తామన్నాడు బరంపురం డాక్టరు. చిన్న చిల్లు, అంతేనన్నాడు. అదైనా నాతో అనలేదు, పప్పుల కొట్టు నడిపే మా ఆయనతో అన్నాడు. సంచి నాది, మాటలు వాళ్ళిద్దరివీ.

అది అయ్యాక మధ్యాహ్నం వార్డులో పడుకున్నాను. కిటికీ ఎండ పక్క బెడ్ మీద పడుతోంది. దాని మీద పసుపు చీర కట్టుకున్న ఒకావిడ కూర్చుని ఉంది. నా వైపు తిరిగింది.

"ఇదిగో అమ్మా, బయట సేరకపోతే కడుపనీసి సంబరపడిపోకు. లోపల పొర పల్చబడిపోతాది. ఎంటనే స్కానింగ్ తీయించుకో."

ఏ పొర అని అడగబోయేలోగా నర్సు బీపీ చూడ్డానికి అడ్డం వచ్చింది. ఆమె పక్కకి జరిగాక చూస్తే ఎవరూ లేరు. నర్సుని అడిగితే ఒడియాలో "సే బెడ్ ఖాలి అఛి దీదీ" అంది. పొద్దుట్నుంచీ ఆ బెడ్ ఖాళీయేనట. దుప్పటి నలగను కూడా లేదు.

ఇంటికి పంపేటప్పుడు పొర సంగతి డాక్టర్నే అడిగాను. నవ్వి, మా ఆయనతో, "ఫోన్లో ఏవేవో చదువుతారండీ" అన్నాడు. నేనేమీ చదవలేదు.

తర్వాతి నెల నేను బయట చేరలేదు. మా ఇంట్లో ఇంకా ఆ మూడ్రోజులూ వెనక గదిలో విడి చాప వేస్తారు. చాప పరవకపోతే ఇల్లంతటికీ తెలిసిపోతుంది. రెండో నెలా పరవలేదు. ఇంట్లో చేసుకున్న పరీక్షలో రెండో గీత పడలేదని చూపిస్తే, ఆ కిట్టే మంచిది కాదన్నారు. స్కానింగ్‌కి వెళతానంటే మా అత్తగారు గుమ్మం దాటనివ్వలేదు.

"నీళ్ళోసుకున్న మనిషికి ఆ మిషన్లు పడవు. ఎల్లి పడుకో!"

వీధిలో ప్రతి కొట్టుకీ లడ్డూలు వెళ్ళాయి. ఊరి అమ్మవారు ఠాకురాణికి చీర మొక్కారు. నా మాట మాత్రం ఎవరికీ పట్టలేదు.

చివరికి గొడవపడి విశాఖపట్నం వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ కడుపు లేదంది. గడ్డలు తగ్గాయి గానీ, బిడ్డ నిలవాల్సిన లోపలి పొర బాగా పల్చబడిపోయిందట. ఈ చికిత్స తర్వాత కొందరికి అలా అవుతుందనీ, ముందే చెప్పి ఉండాల్సిందనీ అంది. మందులు వాడుతున్నాను. పొర కోలుకుంటుందో లేదో, బిడ్డ కలుగుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమంటున్నారు. ఇంటికొచ్చి ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

మత్తులో కల వచ్చి ఉంటుందని అందరూ తేల్చేశారు. సరే, కలే అనుకుందాం. అలాంటి పొర ఒకటుంటుందనే ఆనాటికి నాకు తెలియదు. నాకు తెలియనిది నా కలకెలా తెలిసింది?

బరంపురం డాక్టర్ని నిలదీయడానికి వెళ్ళాను. ఆయన కాగితాలు తిరగేసి, "అసలు ఆ రోజు మీకీ పొర సంగతి ఎవరు చెప్పారు?" అన్నాడు.

"మీరు సెప్పాల్సింది ఎవులు సెప్తే ఏటండీ!" అని అరిచాను. బయట కూర్చున్న జనమంతా తిరిగి చూశారు.

ఎవరు చెప్పారో మాత్రం నాకీ రోజుకీ తెలీదు.