మేజోళ్లతో మంచు మీద

మొన్న మేనకోడలు అమెరికాలో సన్నీవేల్ నుంచి ఒక ఫోటో పంపింది. కొండ కడుపులో బూడిదరంగు రాళ్లగుట్ట, దాని పైఅంచున చీరచెంగంత తెలుపు. "మామయ్యా, గుర్తుపట్టావా?" అని అడిగింది. గుర్తుపట్టేసరికి నా అరికాళ్లు చల్లబడ్డాయి.

కొన్నేళ్ల కిందట నేనూ, అక్కా, ఆమె కూతురైన ఈ పిల్లా అక్కడి సియెరా కొండల్లో ఆ చిన్న హిమానీనదాన్ని చూడటానికి వెళ్లాం. అరవై దాటిన అక్క వీపున సంచితో మాకంటే ముందు నడిచింది. మేనకోడలు అమెరికాలోనే పుట్టి పెరిగింది. దారంతా నాకు పాఠం చెప్పింది. పత్రికలో పనిచేసే రోజుల్లో అయితే నేను 'మంచుయుగం నాటి మంచు' అని శీర్షిక పెట్టేసి టీకి వెళ్లిపోయేవాణ్ణి. ఆ పిల్ల ఒప్పుకోలేదు. "నో మామయ్యా. ఐస్ ఏజ్ గ్లేసియర్స్ ఈ బౌల్‌ని కార్వ్ చేసి మెల్ట్ అయిపోయాయి. ఇది చాలా తర్వాత, ఇంకో కోల్డ్ పీరియడ్‌లో వచ్చింది. బేబీ ఇది!" ఎప్పటిదో మహామంచు తొలిచిపెట్టిన గిన్నెలో, అడుగున మిగిలిన పెరుగులా ఉందన్నమాట ఈ మంచు.

అక్కకి ఈ తేడాలు పట్టలేదు. మంచు అంచున బూట్లు విప్పి, పక్కపక్కన సర్దిపెట్టింది. "ఇన్నేళ్లనాటి మంచుని బూట్లతో తొక్కుతామేంట్రా?" అంది. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగినవాళ్లం. నాకందులో తప్పు కనిపించలేదు. నేనూ ఒక లేసు విప్పాను. మేనకోడలు వెనకెక్కడో ఫోటోలు తీసుకుంటోంది.

మేజోళ్లతో అక్క నాలుగడుగులు వేసింది. అయిదోది జారింది. కేకైనా వేయకుండా, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కిందికి జారి, మంచుకీ రాతికీ మధ్య విడిన సందులో నడుము దాకా దిగబడింది. వీపున సంచి రాతికి తట్టుకుని ఆగింది. నేను పరుగెత్తబోయాను. "మామయ్యా, డోంట్ మూవ్! అమ్మా, లుక్ ఎట్ మీ, కాళ్లు కొట్టుకోకు!" అని మేనకోడలు అరుస్తూ రాళ్ల మీద పాక్కుంటూ వెళ్లి సంచి పట్టీలు దొరకబుచ్చుకుంది. నేను మెల్లగా చేరి అక్క మణికట్టు పట్టుకున్నాను.

అప్పుడు విన్నాను, మంచు కింద నీటిని. పైకి అంత కదలకుండా ఉన్నదాని లోపల ఏదో హడావిడిగా పారిపోతున్న చప్పుడు. "కింద ఏమీ తగలట్లేదురా," అంది అక్క. ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఏళ్ల తరబడి ప్రమాదవార్తలు రాసిన నా చేతులకి పట్టు చిక్కలేదు. 'జారిపడి మృతి' అన్న మాటలు మాత్రం తలలో వాటంతటవే కూర్చుకుంటున్నాయి.

మూడోసారి లాగితే పైకొచ్చింది. ఒక మేజోడు లోపలే పోయింది. పాలిపోయిన పాదాన్ని మేనకోడలు తన జాకెట్‌లో చుట్టి ఏడుస్తూ తిట్టింది. "వై, అమ్మా? గుడి అనుకున్నావా?" అక్క పళ్లు టకటకలాడుతున్నాయి. నావైపు తిరిగి, "ఇక వదలరా, చెయ్యి విరిగేలా ఉంది," అంది. వదలడానికి నాకు చాలాసేపు పట్టింది.

కాలం మన పక్కనుంచి గడిచిపోతుందనే ఇన్నేళ్లూ రాశాను. అది మనం నిలబడ్డ చోటనే, కాళ్ల కింద తొలుచుకుపోతుందని ఆ సందు దగ్గర తెలిసింది.