కండక్టర్ నోట్లో పుదీనా బిళ్ళ

కరోనా సద్దుమణిగిన ఏడాది ఎండాకాలంలో నన్ను జహీరాబాద్‌లో సర్కారు దవాఖాన దంత విభాగానికి బదిలీ చేశారు. అప్పటికి నా హోదా డెప్యూటీ సివిల్ సర్జన్. రిటైర్మెంటుకు రెండేళ్ళు మిగిలాయి. హోదా పేరు ఘనంగానే ఉంటుంది కానీ, విభాగమంటే నేను, ఒక కుర్చీ, ఒక స్టాఫ్ నర్సు. కోహీర్ నుంచీ న్యాల్‌కల్ నుంచీ వచ్చినవాళ్ళు పొద్దున్నే ఓపీ చీటీలు పట్టుకుని వరండాలో నిలబడేవారు. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలకు మించి ఇవ్వలేకపోయేదాన్ని. ఆ తొందరలో నేను చేసిన తప్పు ఒకటుంది. ఆ ఊళ్ళో ఒక దుకాణం చేసిన పని ఇంకొకటుంది. రెండూ చెబుతాను.

అనసూయ బస్సు కండక్టర్. రాయికోడ్ వైపు వెళ్ళే బస్సులో డ్యూటీ. నలభై దాటిన మనిషి, భారీ శరీరం, మోకాళ్ళ నొప్పులు. చిగుళ్ళ నుంచి రక్తం, నోటి దుర్వాసన అని మొదటిసారి వచ్చింది. స్కేలింగ్ చేశాను, అంటే పళ్ళకు పట్టిన గారను మెషీన్‌తో తీసేశాను. పుక్కిలించడానికి మందు రాసి పంపాను. నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చింది. నాలుక మీద తెల్లటి పూత, అదే వాసన. నాలుక గీసుకోవడానికి కూడా బద్ధకమా అని నర్సు ముందే కసిరాను. ఆమె తల దించుకుని వెళ్ళిపోయింది. అది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మూడోసారి ఆమె నోరు చూసి ఆగిపోయాను. పై వరసలో ముందు పళ్ళు నాలుగింటికీ చిగురు అంచున సుద్దలాంటి తెల్లటి గీతలు, వాటి మధ్య గోధుమరంగు గుంటలు. కొన్ని నెలల క్రితం అవే పళ్ళు బాగుండగా నేను చూశాను. అప్పుడు అడిగాను, నిన్న ఏం తిన్నారని.

“ఏం తినలే మేడం. పొడి తాగిన,” అంది. “బువ్వ ముట్టక ఐదు నెల్లాయె.”

బజార్లో బరువు తగ్గించే సెంటర్ ఒకటి తెరిచారు. వాళ్ళిచ్చిన పొడి రోజుకు నాలుగు పొట్లాలు నీళ్ళలో కలుపుకుని తాగాలి, ఇంకేమీ తినకూడదు. బరువు తగ్గిన మాట నిజమే. వాసన మాటేమిటని ఆమె వాళ్ళనే అడిగిందట.

“కొవ్వు కరిగితే గట్లనే వస్తది, ఫికర్ చెయ్యకు అన్నరు. గీ బిళ్ళలు ఇచ్చిన్రు. టికెట్ ఇస్తుంటె జనం మొఖం తిప్పుకుంటున్రు మేడం. అందుకే దినమంత నోట్లనే పెట్టుకుంట.” నీళ్ళు తాగరా అంటే, “తాగితే నడుమల బస్సు ఆపి ఏడికి పోత?” అంది.

సంచిలోంచి పుదీనా బిళ్ళల డబ్బా తీసి ఇచ్చింది. లేబుల్ మీద ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు రాయాలని నియమం. మొదటి పేరు చక్కెర.

ఇలా రోజుకు ఎనిమిది వందల కేలరీలు దాటని ఆహారంతో నాకు పేచీ లేదు. డాక్టరు పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయిస్తూ కొందరికి ఇస్తారు. శరీరం కొవ్వును వాడుకునేటప్పుడు ఊపిరికి ఒక వాసన రావడం కూడా నిజమే. కానీ నమలడం మానేసి, నీళ్ళూ తాగకపోతే లాలాజలం తగ్గిపోతుంది. నోట్లో బాక్టీరియాను కడిగేదీ, అవి తయారుచేసే ఆమ్లాన్ని విరిచేదీ ఆ లాలాజలమే. అలాంటి ఎండిన నోట్లో రోజంతా చక్కెర బిళ్ళ. ఆమె కడుపు మాడ్చుకుంటూ బాక్టీరియాకు విందు పెట్టింది. పెట్టించినవాడు సెంటర్ వాడు.

మధ్యాహ్నం ఆ సెంటర్‌కు నేనే వెళ్ళాను. డాక్టర్‌లా తెల్లకోటు వేసుకుని కూర్చున్నతన్ని, అనసూయకు షుగర్, బీపీ చూశారా అని అడిగాను. తమది మందు కాదు, ఆహారం అన్నాడు. పళ్ళు మీ డిపార్ట్‌మెంట్ కదా మేడం అని నవ్వాడు. సూపరింటెండెంట్ ద్వారా పైకి ఫిర్యాదు రాశాను. పొడి మందు కాదు కాబట్టి తమ పరిధి కాదని ఒక ఆఫీసు జవాబిచ్చింది. బిళ్ళల మీద చక్కెర అని రాసే ఉంది కాబట్టి తప్పేమీ లేదని ఇంకో ఆఫీసు. మనిషి నోరు పాడైనా ఫరవాలేదు, అక్షరాలు సరిగ్గా ఉంటే చాలు.

అనసూయను ఫిజీషియన్ దగ్గరికి పంపాను. కొలత ప్రకారం జొన్నరొట్టె, పప్పు, కూర తినమన్నాడు. మళ్ళీ లావైతానేమోనని భయపడుతూనే ఒప్పుకుంది. మూడు పళ్ళకు ఫిల్లింగ్ చేశాను. నాలుగోది వేరు వరకూ పుచ్చిపోయింది, తీసేయక తప్పలేదు. దూది కరిపించి కూర్చోబెడితే, కాసేపటికి దాన్ని పక్కకు నెట్టి మెల్లగా అంది:

“గా మాట మొదటిసారే అడిగుంటె చెప్తుంటి మేడం.”

ఓపీ చీటీలో తిండి గురించి రాసే గడి లేదు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా, నోరు తెరవమనే ముందు నిన్న ఏం తిన్నారో అడిగి చీటీ అంచున రాసేదాన్ని. పన్ను పుచ్చిందని అద్దం పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎందుకు పుచ్చిందో అడిగితేనే తెలుస్తుంది. మొదటి రెండుసార్లూ నేను అడగలేదు. అందుకు పోయిన పన్ను నాది కాదు.