గ్రైండరు చప్పుడులో మా ఆవిడ తిట్టు

ఇందాక చెన్నై పాండీ బజారులో పాత సామాన్ల కొట్టు ముందు రెండు క్యాసెట్ల టేపురికార్డరు కనబడింది. ఆనందం పట్టలేక రాస్తున్నాను. మన ఈడు వాళ్ళకు గుర్తుండాలి, ఒక పక్క క్యాసెట్టు పాడుతుంటే రెండో పక్క దానిలోకి ఎక్కించుకునేవాళ్ళం.

తొంభైల్లో కోడంబాక్కం ఇంట్లో మా పిల్లలు రేవతి, గోపి దాన్ని వదిలేవాళ్ళు కాదు. పిండి రుబ్బే గ్రైండరు చప్పుడు క్యాసెట్టులో పట్టి, అదే ముక్కను మళ్ళీ మళ్ళీ ఎక్కించి ర్యాప్ పాటకు దరువు చేశారు. ఇవాళ హిప్‌హాప్‌లో అక్కాతమ్ముళ్ళ జంట అని అందరూ మెచ్చుకునే నా బిడ్డలు మొదలుపెట్టింది ఆ గ్రైండరు పక్కనే.

అయితే మా ఆవిడ రాజమ్మ అరుపు కూడా అందులో పడింది. "ఈ టేపురికార్డరును ఈడ నుంచి ఎత్తుకుపోతారా, పిండిలో ముంచేదా?"

మరునాడు, పాట పట్టుకురమ్మన్న రికార్డింగు స్టూడియోలో వినిపించేదాకా పిల్లలకు ఆ సంగతి తెలియలేదు. దొరికిన ఒక్క అవకాశమూ పోయిందని రేవతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. స్టూడియో పెద్దాయన మాత్రం పడీ పడీ నవ్వారు. "ఆ తిట్టే పాటకు ప్రాణమప్పా. క్యాసెట్టు వేసి బయటికి తెస్తాం. అమ్మను పిలుచుకోని రండి, మంచి మైకులో ఇంకోతూరి తిట్టిస్తాం."

రాజమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి మైకు ముందు నిలబడింది. పిల్లల మొహాలు చూసింది.

"ఇంత సంతోషంగా ఉంటే ఎట్ట తిట్టేది?" అని నవ్వుతూనే ఉండిపోయింది.

ఎంతసేపు చూసినా ఒక్క తిట్టూ రాలేదు. ఇంట్లో పట్టిన ఆ అరుపుతోనే నా బిడ్డల మొదటి పాట బయటికి వచ్చింది.