కావడి కథలో లేని పని

మా పెదనాయనకు లోకంలోని వీరులందరూ దగ్గరి చుట్టాలే. ఆళ్లగడ్డలో మా ఇంటి అరుగు మీద పొద్దుగూకాక చాప పరిచి, వీధిలోని మగపిల్లలను కూర్చోబెట్టుకుని ఆ వీరుల సంగతులు చెప్పేవాడు. నంద్యాలకు పోయినప్పుడల్లా గ్రంథాలయం నుంచి దేశదేశాల కథల పుస్తకాలు తెచ్చేవాడు. గ్రీకు దేశపువాడు, పారశీకంవాడు, ఏడు సముద్రాలు దాటి చిలుక గొంతు నులిమిన రాకుమారుడు, అందరికీ మీసాలు ఒకటే, మాట ఒకటే. ఆ మాట కూడా పెదనాయనదే. డెబ్బైల చివరి సంవత్సరాలవి. ఆయన ఉద్దేశంలో అది పిల్లలను మగవాళ్లుగా తయారుచేసే బడి. మాకున్న సేద్యమంతా మా నాయన చూసుకునేవాడు, పెదనాయన ఆదర్శాలు చూసుకునేవాడు.

నేను గడప లోపల టెన్త్ పుస్తకాలు ముందేసుకుని వినేదాన్ని. వినకూడదనుకున్నా ఆయన గొంతు వదిలేది కాదు. పారశీకపు వీరుడు ఎవరో తెలియక కన్నకొడుకునే పొడిచి చంపి భోరున ఏడుస్తాడు. అక్కడికి రాగానే పెదనాయన కూడా మా అన్నను దగ్గరికి లాక్కుని ఏడ్చేవాడు. సొంత కొడుకును గుర్తుపట్టలేని మనిషిని చూసి పిల్లలు ఏం నేర్చుకోవాలో నాకు ఈనాటికీ తెలియదు. గ్రీకు బలశాలికి ఏండ్ల తరబడి పేడ పేరుకున్న పశువుల కొట్టం శుభ్రం చేసే పని పడితే, ఏకంగా నదినే దాని మీదికి మళ్లిస్తాడట. అది విని అరుగంతా చప్పట్లు. అంత బలం పెట్టుకుని చీపురు పట్టడానికి మాత్రం ఆ మహానుభావుడికి చేయి రాలేదు. మా కొట్టంలో పేడ ఎత్తేది అమ్మా నేనూ. మాకోసం కుందూ నదిని ఎవరూ మళ్లించలేదు.

ఇక ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది కావడి కథ. గుడ్డి తల్లిదండ్రులను కావడిలో పెట్టుకుని ఊరూరా మోసిన కొడుకు కథ. అది చెప్పేటప్పుడు తువ్వాలు భుజాన అడ్డంగా వేసుకుని, నాలుగడుగులు వంగి నడిచి చూపించేవాడు. మా అన్న చేత కూడా నడిపించేవాడు. ఇంటర్ తప్పి ఇంట్లో ఖాళీగా ఉన్న మా అన్న ఆ నాలుగడుగులు మాత్రం బ్రహ్మాండంగా నడిచేవాడు.

నా పరీక్షలు దగ్గరపడ్డాయి. పాసైతే నంద్యాల కాలేజీలో చేరుస్తానని నాయన మాటిచ్చాడు. తప్పితే మేనత్త కొడుకు సిద్ధంగా ఉన్నాడు. ఈ పరీక్ష తప్ప వేరే దారి లేదని నాకు బాగా తెలుసు. సరిగ్గా అప్పుడే అమ్మ అటక మీది చింతపండు కుండ దించబోయి నిచ్చెన మీది నుంచి జారి పడింది. తొడ ఎముక విరిగింది. నంద్యాల ఆసుపత్రిలో కాలికి తాడు కట్టి, మంచం కొసన ఇటుకలు వేలాడదీశారు. అమ్మ కదలకూడదు. తినడం, దొడ్డికి పోవడం అన్నీ ఆ మంచం మీదే. వార్డంతటికీ ఆయా ఒక్కతే కాబట్టి పక్కన మన మనిషి ఉండాలన్నారు. పెదమ్మ పోయి చాలా కాలమైంది. ఇంట్లో మిగిలిన ఆడమనిషిని నేనే.

పంచాయితీ అరుగు మీదే జరిగింది. నాయన నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. పెదనాయన నన్నే పొమ్మన్నాడు. పరీక్షలు మళ్లీ వస్తాయట, తల్లి మళ్లీ రాదట. అన్న ఖాళీగానే ఉన్నాడు కదా అని నేనంటే, మగపిల్లోడు బెడ్‌పాన్ పట్టుకుంటాడా అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

"పెదనాయనా, ఆ కావడిలోని ముసిలోళ్లకు ఎవురు కడిగినారు? వాళ్లు గుడ్డోళ్లు గదా. ఆ ముక్క యాడా చెప్పవే?"

దేశదేశాల వీరులను నాలుక కొసన పెట్టుకున్న మనిషి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. దీనికి నోరు లేస్తాంది, చదివింది చాలన్నాడు.

మరుసటి పొద్దున నంద్యాల బస్సెక్కాను. పుస్తకాలు కూడా తీసుకుపోయి, ఆ ఇటుకల పక్కన కూర్చుని లెక్కలు చేసుకున్నాను. ఇంట్లో మగవాళ్లు ముగ్గురూ హోటల్లో తింటున్నారని, దోసెలు బాగున్నాయని కబురు వచ్చింది. అరుగు మీద కథలు మాత్రం ఆగలేదట.

అయితే నా ప్రశ్న అన్నకు ఎక్కడో తగిలింది. పరీక్షలకు ముందురోజు మధ్యాహ్నం ఒక్కడే వార్డుకు వచ్చాడు. గోడకు ఆనుకుని, నా వైపు చూడకుండా, "నువ్వు ఇంటికి పో మే. నేనుంటా. ఎట్ల చేయాల్నో చూపించు" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. అన్న మీద అంత ప్రేమ అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. పుస్తకాలు సంచిలో సర్దుకున్నాను. బెడ్‌పాన్ ఎక్కడ ఉంటుందో, అమ్మను నొప్పి లేకుండా ఎలా ఎత్తాలో చెప్పాను. అన్న వంగి మంచం కింద నుంచి దాన్ని తీశాడు.

అమ్మ చూసింది. దుప్పటి గదవ దాకా లాక్కుంది.

"దాన్ని ఆడ పెట్టు నాయనా. మగబిడ్డ చేత ఈ పని చేయించుకుంటే నాకు పాపం చుట్టుకుంటాది." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు యాడికీ పోవద్దు మే."

పరీక్ష సంగతి చెప్పాను. బతిమాలాను. నేను పోతే పరీక్షలన్నీ అయ్యేదాకా తిండీ నీళ్లూ మానేస్తానంది. సాయంత్రం దాకా నిజంగానే గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. పెదాలు ఎండిపోయాయి. అన్న ఏం చేయాలో తెలియక బెడ్‌పాన్ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. దాన్ని నేనే వాడి చేతిలోంచి తీసుకున్నాను. పరీక్ష పోయింది, దాని వెంట కాలేజీ పోయింది.

పెదనాయనను ఈసడించుకోవడం నాకు తేలిక, ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను. కానీ అరుగు మీద కూర్చున్న ఏ మగపిల్లవాడూ ఆ కథలను పూర్తిగా నమ్మలేదు. నమ్మింది అమ్మ. వంటింట్లో జొన్నరొట్టెలు తడుతూ, ఒక్క మాట పోనీకుండా విని, అన్నీ నమ్మింది. అన్న ఆళ్లగడ్డ బస్సుకు వెళ్లిపోయాక, సంచి కింద పెట్టి, ఆమె నడుము కింద చేయి పెట్టి ఎత్తాను.