శంషాబాద్ ఉప్పలయ్య

నాచారంలో ఉప్పలయ్య పేరుతో చాలామందే ఉన్నారు. జనగామ వైపు నుంచి మిల్లు పనికి వచ్చిన కుటుంబాల్లో వెతికితే గల్లీకొకడు దొరుకుతాడు. అందుకే ఈయనను శంషాబాద్ ఉప్పలయ్య అంటారు. విమానం ఎక్కిన మనిషి కాదు. ఎక్కి పోయినవాళ్లు శవమై దిగితే, తెచ్చి ఇంటికి చేర్చే మనిషి. ఆయన తెల్ల వ్యాను గల్లీలోకి మళ్లిందంటే ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి పిలుచుకుంటారు. పెళ్లి కార్డులు ఇచ్చేటప్పుడు ఆయన గుమ్మం దాటి పోతారు. ఫోన్ నంబరు మాత్రం అందరి దగ్గరా ఉంటుంది.

మిల్లు మూతపడ్డాక కొన్నాళ్లు ఆటో నడిపి, ఆ తర్వాత ఈ బండికి డ్రైవరయ్యాడు. మొదటిసారి విమానాశ్రయానికి పోయినప్పుడు ఆయనకు ఏమీ తెలియదు. వచ్చేవాళ్ల ద్వారం దగ్గర డ్రైవర్లంతా అట్టముక్కల మీద పేర్లు రాసి పట్టుకొని నిలబడి ఉన్నారు. ఇక్కడి పద్ధతి ఇదే కాబోలనుకొని ఉప్పలయ్య కూడా ఒక డబ్బా అట్ట చింపి, చనిపోయినవాడి పేరు పెద్ద అక్షరాలతో రాసి, కడ్డీల ముందు నిలబడ్డాడు. దిగినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. చివరికి కాపలా మనిషి దగ్గరికొచ్చి, ఫోన్ చేసి కనుక్కోరాదా అన్నాడు.

"ఆయన ఫోన్ ఎత్తడు సార్. సచ్చిపోయి వస్తుండు."

పక్కనున్న డ్రైవరొకడు పకపకా నవ్వాడు. తర్వాత అట్ట మీది పేరు చదివి నవ్వు ఆపేశాడు. శవాలు ఈ ద్వారంలోంచి రావని, సరుకులు దిగే కార్గో వైపు పోవాలని దారి చెప్పింది కూడా అతనే. అక్కడ మామిడిపళ్ల పెట్టెలు, మోటారు సామాన్లు, మనుషులు అంతా ఒకే తక్కెడ మీదికి వస్తారు.

అక్కడివాళ్లు "బాక్స్ వచ్చిందా" అంటారు. ఉప్పలయ్య మాత్రం ఈనాటికీ "పిలగాడు దిగిండా" అనే అడుగుతాడు. దిగినవాణ్ని నేరుగా శ్మశానానికి ఎన్నడూ తీసుకుపోలేదు. ముందు ఇల్లు. ఇంటి ముంగిట దించితేనే తన పని అయినట్టు.

ఈ ఎండాకాలం ఒక ఉదయం ఆయన మళ్లీ ఆ మొదటి ద్వారం దగ్గరే నిలబడవలసి వచ్చింది. కావ్య అక్కణ్నుంచి కదలనంది. నాచారంలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. భర్త శివ దోహాలో ఏసీలు బిగించే పనికి పోయి, ఒక రాత్రి క్యాంపులో పడుకున్నవాడు లేవలేదు. ఆ పొద్దుటి విమానంలో వస్తున్నాడు.

"కార్గోకు పోదాం పా బిడ్డా. ఈ గేటు గాదు."

"నిరుడు గీ గేటుకెల్లే వచ్చిండు మామా. నన్ను గుర్తువట్టక నా ముంగటికెల్లే పోయిండు. కొత్త చీర గట్టిన గదా! ఎనకకెల్లి బ్యాగు గుంజితె దొంగ అనుకొని ఒర్రిండు." నవ్వబోయింది. నవ్వు రాలేదు.

శివ తమ్ముడు ఉపేందర్ విసుక్కున్నాడు. "నువ్వన్న జెప్పరాదే అన్నా. నా మాట ఇంటలేదు."

"ఉండనియ్యి," అన్నాడు ఉప్పలయ్య.

అద్దాల తలుపులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. తాళ్లతో కట్టిన పెట్టెలు, చుట్టిన దుప్పట్లు, ఆ వెనక ఎండకు మాడిన మొహాలు. ఒక్కో మొహాన్నీ కావ్య చివరిదాకా చూసింది. జనం పలచబడి, పనివాళ్లు ఖాళీ ట్రాలీలను ఒకదానిలో ఒకటి దూర్చి నెట్టుకుపోతుంటే అడిగింది.

"అందరొచ్చిన్రా?"

"ఈడికెల్లి వచ్చెటోళ్లు అందరొచ్చిన్రు బిడ్డా."

"ఇంటికైతె తెస్తవ్ గదా మామా?"

"తెస్త. ఇంటికే తెస్త."

కార్గో దగ్గర చెట్టు నీడన కావ్యను కూర్చోబెట్టి వచ్చేసరికి ఉపేందర్ ఫోన్ మోగింది. కావ్య ఉండే ఇంటి యజమాని రామ్మోహనరావు. రిటైరైన గుమాస్తా, నెమ్మదస్థుడు.

"తప్పుగా అనుకోకు బాబూ. పంతులుగారిని అడిగాను. శివ పోయిన నక్షత్రం మంచిది కాదట. ఇంట్లోకి తెస్తే ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాలన్నారు. మా అమ్మాయి కీర్తన పురిటికొచ్చి ఉంది. నేరుగా అటే, శ్మశానానికే తీసుకెళ్లిపోండి."

పక్కనే నిలబడి విన్న ఉప్పలయ్య ఫోన్ అందుకున్నాడు. "సార్, పిలగాడు పానం ఇడిసింది దోహాల. మూసేదుంటె ఆ క్యాంపు మూసుకుంటరు. మీ ఇల్లేం జేసింది?"

"నువ్వెవరయ్యా?"

"బండి తోలెటోన్ని."

"నన్ను రాక్షసుణ్ని చెయ్యకయ్యా. నీ కూతురే నిండు నెలలతో ఉంటే నువ్వు తేనిస్తావా?"

ఉప్పలయ్య ఫోన్ ఉపేందర్‌కు తిరిగిచ్చేశాడు. ఆయనదీ కిరాయి గదే. రేపు తాను పోతే తన యజమాని కూడా ఇదే మాటంటాడు. నాచారంలో, మల్లాపూర్‌లో, ఉప్పల్ దాకా ఫ్యాక్టరీలను నడిపే జనమంతా కిరాయి గదుల్లోనే ఉన్నారు. ఆ గదుల్లో పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు. చావుకు మాత్రం చోటు లేదు.

"సీదా బొందలగడ్డకే పోదామే అన్నా. వదినెకు నేను జెప్పుకుంట," అన్నాడు ఉపేందర్.

"ఆ పిల్లకు మాటిచ్చిన."

"మాటిస్తె? గేటు నువ్వు దీస్తవా?"

పెట్టె వచ్చింది. ఉప్పలయ్య చెప్పులు విడిచి, దాని మీద అరచెయ్యి ఆనించి, "పా శివా, ఇంటికి వోదాం," అన్నాడు. ఎప్పుడూ అనే మాటే.

ఉప్పల్ చౌరస్తా దగ్గర మెట్రో స్తంభాల కింద బండ్లన్నీ ఇరుక్కున్నాయి. ఉపేందర్ పక్క సీట్లోంచి, వెనక పెట్టె దగ్గర కూర్చున్న కావ్యకు కనబడకుండా, శ్మశానం వైపు తిప్పమన్నట్టు చెయ్యి చూపించాడు. ఉప్పలయ్య చూడనట్టే నాచారం వైపు తిప్పాడు.

గేటు మూసి ఉంది. లోపల రామ్మోహనరావు రెండు చేతులూ కడ్డీల మీద వేసి నిలబడ్డాడు. అరవలేదు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"లోపటికి రాము సార్. ముంగట దించుతం."

రోడ్డు పక్కన, మురుగు కాలువ మీది బండల మీద దించారు. కావ్య అప్పుడు గాని అర్థం చేసుకోలేదు. పెట్టె వంక, గేటు వంక చూసి, ఉప్పలయ్య వైపు తిరిగింది.

"ఇదా మామా ఇల్లు?"

ఇన్నేళ్లలో ఎందరి తిట్లు తిన్నాడో. ఈ ఒక్క మాటకు మాత్రం ఉప్పలయ్య తల వంచుకున్నాడు.

మూత తీశారు. నీళ్లు పోయాలి. పక్క ఇళ్ల గేట్లు అప్పటికే మూసుకున్నాయి. ఎదురింట్లో కిరాయికుండే రాణి ఒక్కతే బయటికొచ్చింది గాని, వాళ్ల కుళాయిలో ఆ పూట నీళ్లు లేవు.

అప్పుడు ఇంటి పక్క సందులోంచి యజమాని భార్య త్రిపురసుందరి నీళ్ల పైపు ఈడ్చుకుంటూ వచ్చింది. గేటుకు అవతల, లోపలే, పైపు బిగిసి ఆగిపోయింది. నీళ్లు వాకిట్లో పడుతున్నాయి.

"ఇంతవరకే వస్తుంది," అంది, ఎవరితోనూ కానట్టు. ఆ పైపుతోనే రోజూ మొక్కలకు నీళ్లు పెట్టే మనిషి. అది ఎంత దూరం వస్తుందో ఆవిడకు తెలియదనుకోలేం. రెండో చేత్తో గేటు గడియ తీసింది.

"త్రిపురా!" అన్నాడు రామ్మోహనరావు.

"నీళ్లు పొయ్యకుండా పంపిస్తామాండీ? వాళ్లకు పైపు అందట్లేదు."

ఆయన కీర్తన ఉన్న పై గది కిటికీ వైపు ఒకసారి చూశాడు. పెరట్లోకి నడిచి వెళ్లిపోయాడు.

ఉప్పలయ్య ఎవరినీ అనుమతి అడగలేదు. "పట్టు," అన్నాడు ఉపేందర్‌తో. ఇద్దరూ గేటు దాటి, కావ్య గది తలుపు ముందు షాబాదు బండల మీద శివను దించారు.

కావ్య పైపు అందుకుంది. ఎండకు కాగి నీళ్లు వేడిగా వస్తున్నాయి. అరచేతి మీద పట్టి చూసి, చల్లబడేదాకా పక్కకు వదిలింది. తర్వాత అతని పాదాల మీద పోసింది.